పరుల కంఠమున కోహెన్ పాట



బ్రతికియున్న కవిని సన్మానించు విధములు మన దేశమున పెక్కు కలవు. శాలువ కప్పుదురు, పూర్ణకుంభముతో ఎదురేగుదురు, ఒకప్పుడు గజారోహణము చేయించి కాలికి గండపెండేరము తొడిగెడివారు. పాశ్చాత్య దేశములలో పాటలు కట్టినవారికి ఈ నలువది యేండ్లుగా జరుగుచున్న సన్మానమొకటి వీనిలో దేనిని పోలినది కాదు. కవి పాటలను ఆయన గొంతుకతో గాక పరుల గొంతుకలతో మరల పాడించి, ఒక్కొక్క పాటను ఒక్కొక్క గాయకునికో, వాద్యబృందమునకో అప్పగించి, అన్నిటిని ఒక్క సంపుటముగా కూర్చి లోకమునకు వినిపింతురు. దానిని నివాళి ఆల్బమ్ అందురు. అట్టి సంపుటములలో నొకటి, కెనడా దేశీయుడైన లెనార్డ్ కోహెన్ అను కవిగాయకుని పేర 1991వ సంవత్సరమున పారిస్‌లోని ఒక సంగీత పత్రికవారి పూనికవలన వెలువడినది, నేటి నా ప్రసంగమునకు విషయము. అందలి 18 పాటలును గొప్పవి కావు. కొన్ని సామాన్యములు, ఒకటి రెండు వినకున్నను నష్టము లేదు. అయినను దానియందలి కడపటి పాట, కన్నవాడు తలంపని త్రోవను నడచి, మూలమునకు లభింపని కీర్తిని గడించి, ఒక పాట ఎంతవరకు కవిది, ఎచ్చటినుండి పాడినవానిది అను ప్రశ్నను తెచ్చి మన ముందర పెట్టినది.

కోహెన్ 1934వ సంవత్సరము సెప్టెంబరు 21వ తేదీన మాంట్రియాల్ నగరమున కలిగిన యూదు కుటుంబమున జన్మించెను. తండ్రి బట్టల వ్యాపారి. కుమారునికి తొమ్మిదవ యేట గతించెను. తల్లి తండ్రి తాల్ముడ్ శాస్త్రమున పండితుడు. ఈయన మొదట పాటగాడు కాడు, అక్షరాలా కవి. 22 ఏండ్లకు ముందే తొలి కవితా సంపుటమును, తరువాత మరి కొన్నింటిని, రెండు నవలలను ప్రకటించి, గ్రీసు దేశపు హైడ్రా ద్వీపమున ఒక పాత ఇల్లు కొని, వ్రాతతోనే బ్రతుకవచ్చునని కొంతకాలము నమ్మి, ఆ నమ్మకము అంగడిలో చెల్లకపోవుటచేత ముప్పది దాటిన పిమ్మట గిటారు పట్టి అమెరికాకు చేరినవాడు. వయసు మీరిన తరువాత కచేరీ మెట్లెక్కినవారికి సహజమగు బిడియము ఆయనకు మిక్కుటముగా నుండెను. కంఠము చూడబోయిన విస్తారము లేనిది. యౌవనమున ఒక మంద్ర స్వరము, వార్ధక్యమున మరింత మంద్రమైన ఒక గుసగుస. ఇట్టి గొంతుక కలవాని పాటలను ఇతరులు పాడుటకు ముందుకు వచ్చుట వింత కాదు. ఆయన తొలి ఆల్బమ్ 1967వ సంవత్సరము చివర వెలువడుటకు ఏడాది ముందుగనే జూడీ కాలిన్స్ అను గాయని 'సుజాన్' అను పాటను పాడి ఆయన పేరును జనులకు వినిపించినది. అనగా కోహెన్ పాట లోకమునకు తెలిసినదే పరుల కంఠమున.

ఆ పాటలు పరులకు అంత సుకరముగా అమరుటకు మరియొక హేతువును ఆయనయే చెప్పెను. 2011వ సంవత్సరమున స్పెయిను దేశమువారు అస్తూరియాస్ రాజకుమారుని పేరిటి సాహిత్య పురస్కారమిచ్చినప్పుడు, కృతజ్ఞతా ప్రసంగమున ఆయన తన యౌవనకాలపు వృత్తాంతమొకటి విప్పెను. మాంట్రియాల్‌లో ఒక ఉద్యానమున గిటారు వాయించుచున్న స్పెయిను యువకుని చూచి తనకు నేర్పుమని అడిగెననియు, ఆతడు మూడు దినములు వచ్చి ఆరు స్వరమేళనములు నేర్పెననియు, నాలుగవ దినమున రాకపోగా విచారింపగా ప్రాణము తీసికొనినట్లు తెలిసెననియు, తన పాటలన్నియు ఆ ఆరింటి మీదనే నిలిచియున్నవనియు దాని సారాంశము. ఇందులో వినయపుటతిశయోక్తి కొంత ఉండవచ్చును. కాని ఆయన బాణీలలో ఎక్కువ భాగము చిన్న పరిధిలో తిరుగునవే, మాటకు పీట వేసి తాము ప్రక్కకు ఒదిగియుండునవే యనుట వినినవారందరు ఎరిగినదే. మెట్టు సరళమైనకొలది పాడువానికి చోటు హెచ్చును.

ఇచ్చట చట్టము మాట కొంచెము చెప్పవలసియున్నది. పరుని పాటను మరల పాడి రికార్డు చేసి అమ్మవలెననిన పాశ్చాత్యులకు కవి ఆశీర్వాదము అక్కరలేదు. దీనికి మూలము గాయకుల కోరిక కాదు, తనంతట తాను మ్రోగెడి పియానో యంత్రము. చిల్లులు పొడిచిన కాగితపు చుట్టలు ఆ యంత్రమును నడిపించునవి. అవి ముద్రిత స్వరపుస్తకమునకు ప్రతులు కావని అమెరికా అత్యున్నత న్యాయస్థానము 1908వ సంవత్సరమున తీర్పు చెప్పగా, మరుసటి యేడు అచ్చటి శాసనసభ స్వరకర్తలకు యంత్రగానము మీద హక్కునిచ్చుచు, ఆ హక్కును ఒక్క కంపెనీయే మూటగట్టుకొనునేమోయను భయముచేత, ఒకమారు ఒకరికి అనుమతి దొరకిన పాటను ఎవరైనను ప్రతికి రెండు సెంట్ల చొప్పున చెల్లించి మరల తయారుచేసికొనవచ్చునని విధించినది. ఆ రెండు సెంట్లు 1978 వరకు మారలేదు. ఏడు దశాబ్దములు ఒకే వెల నిలిచిన సరకు ప్రపంచమున మరియొకటి కలదేమో ఆర్థికవేత్తలు చెప్పవలెను! మన దేశమునను 2012 నాటి సవరణ ప్రకారము, పాట తొలిసారి రికార్డయిన ఐదు సంవత్సరముల తరువాత, తగిన రుసుము చెల్లించి దానిని పునర్గానము చేయవచ్చును. కావున పరుల పాట పాడుట నేరము కాదు, సాహసము కాదు, ఒక్కొక్కమారు సోమరితనము మాత్రము కావచ్చును. నివాళి అను పేరు పెట్టినంతమాత్రమున ఆ సోమరితనము భక్తిగా మారదు.

ఈ తరహా సంపుటములకు పెద్ద దిక్కుగా చెప్పదగినవాడు హాల్ విల్నర్ అను అమెరికను. ఇటలీ చలనచిత్ర స్వరకర్త నీనో రోటాకు 1981లోను, జాజ్ వాద్యకారుడు థెలోనియస్ మంక్‌కు 1984లోను, జర్మను స్వరకర్త కుర్ట్ వైల్‌కు 1985లోను ఆయన కూర్చిన నివాళులలో ఒకరికొకరు సంబంధము లేని గాయకులు, వాద్యకారులు ఒకే పంక్తిని కూర్చుండిరి. అంతకుముందును ఒకరి పాటలతో నిండిన సంపుటములు లేకపోలేదు. ఎల్లా ఫిట్జెరాల్డ్ 1956లో కోల్ పోర్టర్ పాటలతో మొదలిడిన పరంపర జగత్ప్రసిద్ధము. కాని అది ఒక్క మహాగాయని కంఠమున ఒక్క కవి. కోహెన్ విషయమునను అట్టిదొకటి జరిగెను: ఆయన వెనుక వంతపాడిన జెనిఫర్ వార్న్స్ 'ఫేమస్ బ్లూ రెయిన్‌కోట్' అను ఆల్బమును సంపూర్ణముగా ఆయన పాటలతోనే నింపి 1980లలో వెలువరించి, ఆయన స్వదేశీయులే మరచుచున్న పాటలను మరల వీధిలోనికి తెచ్చెను. నేర్పుగల గాయని ఒక్కతె పాడినప్పుడు మనకు కవి కనబడును. పలువురు పాడినప్పుడు కవి ఎంతమందికి ఎన్ని విధములుగా కనబడినాడో కనబడును. రెండవది ప్రమాదకరము గాని ఎక్కువ ఆసక్తికరము.

ఇక ఆ పారిస్ సంపుటము. లేజాంరోకుప్తీబ్ల్ అను పత్రిక సంపాదకుడు క్రిస్తియాన్ ఫెవ్రే దానికి పూనుకొనెను. కోహెన్ 1988లో 'ఐయామ్ యువర్ మాన్' అను ఆల్బము ప్రకటించియుండగా, దానికి ఒక్క అక్షరము మార్చి 'ఐయామ్ యువర్ ఫ్యాన్' అని ఈ సంపుటమునకు పేరు పెట్టిరి. పిలువబడినవారు, ఒకరిద్దరిని మినహాయింపగా, గొప్ప తారలు కారు. ఐర్లండు, ఇంగ్లండు, ఆస్ట్రేలియా, న్యూజీలండు, ఉగాండా, ఫ్రాన్సు మొదలగు దేశములనుండి వచ్చిన, అప్పటికి ముప్పదికి అటునిటుగా వయసున్న, చిన్న చిన్న రికార్డు సంస్థల గాయకులు. వారి పాలిట కోహెన్ తండ్రి తరమువాడు, పడకగదిలో తలుపు మూసికొని విన్నవాడు.

మొదటి పాట ఆర్.ఇ.ఎం. బృందమువారి 'ఫస్ట్ వుయ్ టేక్ మన్‌హాటన్'. పేరున్నవారు గనుక ముందు పెట్టిరి, బాగున్నది, అంతే. పిక్సీస్ బృందము 'ఐ కాంట్ ఫర్గెట్' అను పాటను ఎలక్ట్రిక్ గిటార్ల హోరులో ముంచి తీసినది. కోహెన్ చెవికి చేరువగా గొణిగిన నిరాశ ఇచ్చట పరుగెత్తును. లాయిడ్ కోల్ పాడిన 'చెల్సీ హోటల్' మూలమునకు గౌరవము చేసి వినయముగా తొలగినది. ఆ వినయమే దాని లోపము. ఝాఁ-లూయి ముర 'అవలాంష్' అను పాటను ఫ్రెంచి భాషలోనికి మార్చి పాడెను. మంచు కొండచరియ మీదపడినట్టి ఆ పాట ఫ్రెంచివారి అనునాసికములలో మెత్తబడి, భయమునకు బదులు విషాదమును మిగిల్చినది. నా చెవికి అది నష్టము కాదు.

'సుజాన్' పాడిన జెఫ్రీ ఓర్యేమా కథ వేరు. ఆయన ఉగాండా దేశీయుడు. తండ్రి ప్రభుత్వమున మంత్రి. ఈదీ అమీన్ పాలనలో 1977వ సంవత్సరమున తండ్రి హత్యకు గురికాగా, ఆ యువకుడు కారు వెనుక పెట్టెలో దాగి దేశపు సరిహద్దు దాటి తుదకు ఫ్రాన్సు చేరుకొనెను. మాంట్రియాల్ నదీతీరమున ఒక స్త్రీ ఇచ్చిన తేనీటి జ్ఞాపకముతో పుట్టిన పాటను, తిరిగి చూడలేని దేశమును గుండెలో పెట్టుకొనిన ఈ కంఠము పాడునప్పుడు, పాటలోని నది ఏ నదియో మనము రూఢిగా చెప్పలేము. ఆయన మాట మార్చలేదు, మెట్టు మార్చలేదు. మారినది పాడువాని బ్రతుకు మాత్రమే, అది చాలినది.

'టవర్ ఆఫ్ సాంగ్' అను పాట ఈ సంపుటమున రెండుమార్లు వచ్చును. సంపాదకుని అజాగ్రత్త కాదు, బుద్ధిపూర్వకమైన చమత్కారము. పాటలు కట్టువారందరు ఒక గోపురమున అద్దెకున్నట్లును, తనకు ఎంతో పై అంతస్తున హాంక్ విలియమ్స్ అను పూర్వగాయకుడున్నట్లును కోహెన్ అందు ఊహించెను. తన వృత్తిని గూర్చి, తన ముదిమిని గూర్చి, తన గొంతుకను గూర్చి కూడ పరిహాసమాడుకొనెను. అనగా అదియే ఒక విధమగు నివాళి. రాబర్ట్ ఫార్‌స్టర్ దానిని చక్కగా, ఉల్లాసముగా పాడెను. నిక్ కేవ్, ఆయన బృందమువారును చేసినది వేరు. ఆస్ట్రేలియా పల్లెపట్టున పెరుగుచున్న దినములలో కోహెన్ రికార్డు చేతికి చిక్కి జీవితము మలుపు తిరిగినదని చెప్పుకొనినవాడు కేవ్. 1984 నాటి తన తొలి ఆల్బమునే కోహెన్ పాటతో ఆరంభించినవాడు. అట్టి భక్తుడు ఈ పాటను ఏమి చేసెననగా, గాయకులందరు తెంపు లేకుండ చాలసేపు ఆ ఒక్క పాటనే వాయించి, క్షణమొక రీతి, ఘడియకొక వేషముగా జాజ్ అనియు, గ్రామ్యగీతమనియు, రాక్ అనియు వెక్కిరించి, తరువాత ఆ దీర్ఘమైన అల్లరిని తుంటలు తుంటలుగా కత్తిరించి ఐదారు నిమిషములకు కుదించిరి. మొదట వినినవానికి కోపము వచ్చును. రెండవమారు వినిన, గోపురపు అంతస్తులన్నిటిలోను ఒకేసారి తలుపులు తెరచికొనినట్లును, ఒక్కొక్క గదిలో ఒక్కొక్కడు ఆ పాటనే తన బాణీలో పాడుచున్నట్లును తోచును. చేతులు కట్టుకొని నిలుచుండిన భక్తులకంటె ఈ ఆకతాయి భక్తుడే కోహెన్ హాస్యమును ఎక్కువగా పట్టుకొనెనని నా అభిప్రాయము.

ఇక కడపటి పాట. దాని పేరు 'హల్లెలూయా'. ఈ మాట మన తెలుగు క్రైస్తవులకు ప్రతి ఆదివారము నోట నానునదే. 1984వ సంవత్సరమున, 50 ఏండ్ల వయసున, కోహెన్ 'వేరియస్ పొజిషన్స్' అను ఆల్బమున దీనిని మొదట పాడెను. ఏండ్లు పట్టిన రచన. ఎనుబదికి పైగా చరణములు వ్రాసి తీసివేసెనని చెప్పుదురు. న్యూయార్కులోని ఒక హోటలు గదిలో లోదుస్తులతో తివాచీ మీద కూర్చుండి, పాట ముగియకున్నదని తల నేలకు మోదుకొంటినని ఆయనయే చెప్పుకొనెను. పారిస్‌లో బాబ్ డిలన్ ఇది వ్రాయుటకు ఎంతకాలము పట్టెనని అడుగగా సిగ్గుపడి రెండేండ్లని తగ్గించి చెప్పి, డిలన్ పాట ఒకదానికి ఎంత పట్టెనని తిరిగి అడుగగా పదునైదు నిమిషములని ప్రత్యుత్తరము వచ్చినదట. ఇంత శ్రమించి ముగించిన పాట గల ఆల్బమును అమెరికాలో విడుదల చేయుటకు ఆయన కంపెనీవారు నిరాకరించిరి. మరియొక చిన్న సంస్థ దానిని అచ్చటి అంగళ్లకు చేర్చినది. ఎవరును పట్టించుకొనలేదు.

పాట నిర్మాణమును కొంచెము దగ్గరనుండి చూడవలెను. నడక తిశ్రగతి. మొదటి చరణము దావీదు రాజును గూర్చినది: వీణ వాయించి దేవుని మెప్పించినవాడు. రెండవ చరణమున మిద్దెమీద స్నానమాడుచున్న బత్షెబయు, సంసోను జుట్టు కత్తిరించిన దెలీలాయు ఒకే స్త్రీగా కలసిపోవుదురు. మొదటి చరణమున ఒక విశేషము కలదు: సంగీతములో ఏ మేళనము తరువాత ఏ మేళనము వచ్చునో మాటలు చెప్పుచుండగా, ఆ మాట పలికిన క్షణముననే వాద్యమున ఆ మేళనమే మ్రోగును. మన పదవర్ణములలో స్వరాక్షరమని మెచ్చుకొను సొగసు వంటిదే ఇది. ఆ పిమ్మట మూడవ, నాలుగవ చరణములు దైవమువైపు తిరుగును. తనచేతనైనంత చేసితిననియు, అది గొప్పగా లేకపోయినను గానాధిదేవత ఎదుట స్తుతి తప్ప మరియొక మాట తన నోట రాదనియు చెప్పి పాట ముగియును. మూల రికార్డున దీనికి కృత్రిమ వాద్యముల మెరుగు, వెనుక వంతగాండ్ర బృందము, ప్రార్థనాలయపు గాంభీర్యము.

పారిస్ సంపుటమున ఈ పాటను పాడిన జాన్ కేల్ వేల్సు దేశీయుడు, వయొలా వాద్యమున శాస్త్రీయ శిక్షణ పొంది న్యూయార్కు చేరి వెల్వెట్ అండర్‌గ్రౌండ్ బృందమును స్థాపించినవారిలో ఒకడు. కోహెన్ కచేరీలో ఆయన ఈ పాటను విని, పారిస్ సంపుటమునకు పాట ఎన్నుకొనవలసి వచ్చినప్పుడు సాహిత్యము పంపుమని కోహెన్‌ను కోరెను. అప్పుడు ఫ్యాక్స్ యంత్రములు కొత్తగా ఇండ్లకు వచ్చుచున్న దినములు. ఒక కాగితము వచ్చునని ఎదురుచూచిన కేల్ ఇంట కాగితపు చుట్ట విప్పుకొని గది నేలయంతయు పరచుకొనెను. ఆయన కథనము ప్రకారము పదునైదు పుటలు. కోహెన్ రికార్డున పాడినవి, వేదికమీద ఆ తరువాత పాడుచు వచ్చినవి, ఎచ్చటను పాడనివి కలగాపులగముగా అందున్నవి. కేల్ వానిలో దైవస్తుతి హెచ్చుగా నున్నవానిని తొలగించి, కొంటెతనమున్నవానిని ఏరుకొంటినని చెప్పెను. ఆయన పాడిన ఐదింటిలో మొదటి రెండు మూలములోనివి, తక్కిన మూడు కోహెన్ వేదికలమీద పాడుచుండిన ప్రణయ చరణములు. పియానో ఒక్కటే తోడు. తక్కిన వాద్యము లేదు, వంత లేదు. కంఠము స్థిరము, ఎండినది, ఎక్కడను కన్నీటికి లొంగనిది. శయ్యాగృహమునకు, గర్భగృహమునకు నడుమ వ్రేలాడుచుండిన పాట ఆ ఏరికతో శయ్యాగృహమువైపు ఒరిగెను.

మన సంప్రదాయమున పుట్టినవానికి ఇచ్చట ఒక తలంపు రాక మానదు. త్యాగయ్యగారి కీర్తనను ఉమయాళ్పురమువారు పాడినట్లు వాలాజాపేటవారు పాడరు; తిల్లస్థానమువారి పాఠాంతరము మరియొకటి. ఇప్పుడు మనము వినెడి సంగతులలో ఎన్ని అయ్యవారివో, ఎన్ని శిష్యప్రశిష్యులు పేర్చినవో విడదీయుట పండితులకును దుష్కరము. పరుని పాట పాడుట మనకు ప్రత్యేకమగు సంఘటన కాదు, సంగీతమనగా అదియే. చరణములను విడుచుటయు మనకు కొత్త కాదు: మూడు నాలుగు చరణములున్న కీర్తనలో నేటి గాయకుడు ఒక్క చరణమునే పాడును. అయితే ఆ ఒక్కటి ఏది? సాధారణముగా కడపటిది, వాగ్గేయకారుని ముద్ర గలది. తక్కినవన్నియు వదలినను ముద్రచరణమును వదలుట మర్యాద కాదని మన వారి ఎరుక. కోహెన్‌కును ముద్ర తెలియనిది కాదు. 'ఫేమస్ బ్లూ రెయిన్‌కోట్' పాటను ఆయన లేఖగా వ్రాసి, తుదిని తన పేరుతో సంతకము చేసెను. 'హల్లెలూయా' చివర పేరు లేదు గాని, గానాధిదేవత ఎదుట తలవంచి నిలుచుండిన ఆ కడపటి చరణమే ఆ పాటకు ముద్ర. కేల్ విడిచినది సరిగా దానినే.

సంతకము చెరిపివేయుటచేతనే ఆ పాట ఎవరిదైనను కాగలిగెను. జెఫ్ బక్లీ యను యువకుడు న్యూయార్కులో స్నేహితుల ఇంట ఈ సంపుటమును విని, కోహెన్ మూలమునుండి గాక కేల్ పాఠమునుండి ఆ పాట నేర్చుకొని, చిన్న కాఫీ అంగళ్లలో పాడి పాడి, 1994లో 'గ్రేస్' అను తన ఆల్బమున ఒక్క ఎలక్ట్రిక్ గిటారు తోడుగా రికార్డు చేసెను. కేల్ ఎండగట్టిన పాటను ఆయన తడిపెను. మూడేండ్లకు, 30వ యేట, మెంఫిస్ దగ్గర నదిలో మునిగి మరణించెను. ఆ మరణము పాటకు ఒక శోకచ్ఛాయను శాశ్వతముగా అద్దినది. 2001లో 'ష్రెక్' అను బొమ్మల చలనచిత్రమున కేల్ గొంతుక వినబడగా, అదే చిత్రపు పాటల రికార్డున రూఫస్ వెయిన్‌రైట్ గొంతుక వినబడెను. అటుపిమ్మట పెండ్లిండ్లలోను, అంత్యక్రియలలోను, ప్రతిభా పోటీలలోను ఈ పాట మ్రోగని చోటు లేకపోయెను. 2008వ సంవత్సరము క్రిస్మసు వారమున బ్రిటనులో రికార్డుల అమ్మకములలో మొదటి స్థానము ఒక ప్రతిభా పోటీలో నెగ్గిన అలెగ్జాండ్రా బర్క్ పాడిన 'హల్లెలూయా', రెండవ స్థానము బక్లీ పాడిన 'హల్లెలూయా'. కోహెన్ స్వయముగా పాడినది 36వ స్థానమున నుండెను. మంచి పాటయే గాని పాడువారు మరీ ఎక్కువైపోయిరని ఆయన మరుసటి యేడు చమత్కరించెను.

కోహెన్‌కు 1995లో మరియొక నివాళి ఆల్బము జరిగినది. ఈసారి ఎల్టన్ జాన్, స్టింగ్, బిల్లీ జోయెల్, పీటర్ గేబ్రియల్, విల్లీ నెల్సన్ మొదలగు మహాతారలు. 'హల్లెలూయా' పాడినవాడు యూటూ బృందపు బోనో. ఖర్చు, కీర్తి, నేర్పు, అన్నియు అధికము. వినిన వెంటనే మరచుట సులభము. తారకు తన గొంతుకే ముఖ్యము. ఎవరి పాటయైనను దానికి అలంకారముగా మారిపోవును. పారిస్ సంపుటమువారికి పోగొట్టుకొనుటకు అంతటి పేరు లేదు గనుక పాటతో పెనుగులాడిరి, కొందరు ఓడిరి, కేల్ నెగ్గెను.

కోహెన్ తన పాటను పరులు ఈ రీతిని కోయుట చూచి నొచ్చుకొనెనా? పదునైదు పుటలు పంపిన చేయియే దీనికి సమాధానము. అంతేకాక, ఆయన చేసిన పనియు అట్టిదే. స్పెయిను మహాకవి లోర్కా హత్యకు గురియైన ఏబదియేండ్లకు, 1986వ సంవత్సరమున, ఆయన కవితలకు పలు దేశముల గాయకులు బాణీలు కట్టి పాడిన నివాళి సంపుటమొకటి వెలువడెను. అందులో కోహెన్ ఒక లోర్కా కవితను ఇంగ్లీషులోనికి తెచ్చి, వాల్ట్జ్ నడకలో పాడెను. అదియే తరువాత ఆయన ఆల్బమున 'టేక్ దిస్ వాల్ట్జ్' అయ్యెను. ఆ ఒక్క కవితకు 150 గంటల శ్రమ పట్టెనని చెప్పుకొనెను. కుమార్తెకు లోర్కా అని పేరు పెట్టుకొనినవాడు ఆ మాత్రము శ్రమించుట అబ్బురము కాదు. పారిస్ సంపుటమున హౌస్ ఆఫ్ లవ్ బృందము పాడిన 'హూ బై ఫయర్' కూడ యూదుల యోమ్ కిప్పూర్ దినమున సినగాగులలో పఠింపబడు ప్రాచీన ప్రార్థనకు ఆయన చేసిన పాఠాంతరమే. వచ్చు సంవత్సరమున ఎవరెట్లు మరణింతురో లెక్కించెడి ఆ ప్రార్థనకు ఆయన కాలపు మరణములను చేర్చి, తుదిని ఒక సందేహమును అంటించెను. తాతలనాటి ప్రార్థనను అట్లు త్రిప్పినవాడు తన పాటను త్రిప్పినవానిమీద ఆగ్రహించుటకు వీలులేదు.

ఆయన జీవితమున తరువాత చాల జరిగినది. లాస్ ఏంజిలిస్ దగ్గరి కొండమీద జెన్ మఠమున ఐదేండ్లు సన్న్యాసివలె గడపెను. కొండ దిగి మన ముంబయి చేరి రమేశ్ బల్సేకర్ గారి అద్వైత ప్రసంగములు వినుచు కొన్ని మాసములుండెను. ఇంటికి పోయి చూచుకొనగా కూడబెట్టిన ధనము చాలవరకు మాయమై, ముసలితనమున మరల ఊరూరు తిరిగి పాడవలసి వచ్చెను. శ్రోతలకు మాత్రము అది అదృష్టము. 2008 జూలైలో లండను నగరమున, 73 ఏండ్ల వయసున, టోపీ ధరించి మోకరిల్లి 'హల్లెలూయా' పాడిన కచేరీ రికార్డు మరుసటి యేడు వెలువడెను. దావీదు చరణము పాడెను, బత్షెబ చరణము పాడెను. కేల్ తన పియానో మీద లోకప్రసిద్ధము గావించిన ప్రణయ చరణములను, వానిని తన కాగితముల కుప్పలోనుండి ఏరినవాడు మరియొకడైనను, మొగమాటము లేక పాడెను. ఆ పిమ్మట కేల్ విడిచిన ఆ కడపటి చరణమునకు వచ్చి, చేతనైనంత చేసితినను మాట దగ్గర, మిమ్ము వంచించుటకు ఇంతదూరము లండనుకు రాలేదని ఊరిపేరు నొకదానిని పాటలో చొప్పించి, జనులు ఒక్కమారుగా కేకలు వేయుచుండగా, తన ముద్రను తిరిగి దాని చోట పెట్టుకొనెను.